హాల్డేన్ మనకు వదిలి వెళ్ళినవి

మన యూనియన్ కార్యదర్శి ఈసారి సావనీరుకు ఒక శాస్త్రజ్ఞుడి జీవితం గురించి రాసిమ్మని అడిగినప్పుడు, సి.వి.రామన్ గురించో, యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించో రాస్తాననుకుని ఉంటాడు. వాళ్ళ గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను జె.బి.ఎస్.హాల్డేన్ గురించి రాస్తున్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు నా తప్పొకటి ఒప్పుకోవాలి.

నేను ఎమ్మెస్సీ జువాలజీ రెండో సంవత్సరంలో ఉండగా మా డిపార్టుమెంటుకు సున్నాలు వేయించారు. మేడ మెట్ల పక్కన ఒక ఇనప బీరువా ఉండేది. అప్పటికి చనిపోయి నాలుగేళ్ళయిన ఒక ప్రొఫెసరు గారి కాగితాలు అందులో ఉండేవి. ఊరి చుట్టూ ఉన్న చెరువుల్లో ఆయన ఇరవై ఏళ్ళ పాటు నెలనెలా వల వేయించి, పడ్డ చేపల పొడవూ బరువూ, నీళ్ళ లోతూ, వాన ఎప్పుడు పడిందీ రాసుకున్న నోటుపుస్తకాలవి. బీరువా ఖాళీ చెయ్యమన్నారు. అటెండరూ, నేనూ, మరో ఇద్దరు కుర్రాళ్ళూ కలిసి కట్టలు కట్టి కిందికి మోశాం. పాత కాగితాలవాడు తూకం వేసుకుని తోపుడుబండి మీద పట్టుకుపోయాడు. వచ్చిన డబ్బుతో నలుగురం మిరపకాయ బజ్జీలు తిని టీ తాగాం. ఒక్క పుస్తకం మాత్రం నేనుంచుకున్నాను. ఆయన మీద గౌరవంతో కాదు, ప్రతి కాగితానికీ ఒక పక్క ఖాళీగా ఉంది, లెక్కలు వేసుకోడానికి పనికొస్తుందని.

ఇవాళ ఆ చెరువుల్లో సగం లేవు. పూడ్చి ప్లాట్లు వేశారు. అందులో ఒకప్పుడు ఏ చేప ఎంత పెరిగేదో ఎవరైనా తెలుసుకోవాలంటే ఇంక దారి లేదు. ఆ దారి మేం నలుగురం బజ్జీలకు అమ్ముకున్నాం.

చాలా కాలం ఈ సంగతి నాకు తప్పుగానే తోచలేదు. హాల్డేన్ జీవితం చదివాక తోచింది. ఇంగ్లండులో పుట్టి ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఆ మనిషి, తన దేహాన్ని మన కాకినాడలోని రంగరాయ మెడికల్ కాలేజీ విద్యార్థుల చదువుకు ఇచ్చాడు. ఆయన కాగితాలేమో ఆయన పాఠం చెప్పిన కాలేజీ లైబ్రరీలో లండనులో ఉన్నాయి. మనిషి పోయాక కూడా ఉపయోగపడేవి రెండే, దేహమూ, రాసి పెట్టిన కాగితమూ. ఆ రెండూ ఆయనవి పారేయకుండా నిలిచాయి. ఎలా నిలిచాయో చెప్పడానికే ఈ వ్యాసం.

హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డులో పుట్టాడు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శరీరధర్మ శాస్త్రంలో పెద్ద పండితుడు. ఊపిరి పీల్చే గాలి గురించి ఆయన పరిశోధన. బొగ్గు గనుల్లో మనుషులు ఏ వాయువు వల్ల చనిపోతున్నారో తేల్చడానికి స్వయంగా గనుల్లోకి దిగేవాడు. సముద్రం అడుగునుంచి ఈతగాళ్ళను ఏ వేగంతో పైకి తీసుకురావాలో లెక్క కట్టి 1908లో పట్టికలు ప్రకటించింది కూడా ఆయనే. అటువంటి తండ్రి కొడుకును ఊరికే కూర్చోబెడతాడా? చిన్నప్పుడే గనుల్లోకి వెంటబెట్టుకు వెళ్ళాడు. ఒకసారి గని పైకప్పు దగ్గర మండే వాయువు పేరుకున్న చోట నిలబెట్టి, షేక్స్‌పియర్ నాటకంలోని ఒక ఉపన్యాసం అప్పగించమన్నాడు. కుర్రవాడు నాలుగు ముక్కలు అప్పగించేసరికి ఊపిరాడక కాళ్ళు తేలిపోయి కింద పడ్డాడు. పడ్డాక మళ్ళీ ఊపిరి ఆడింది. ఆ వాయువు గాలికన్నా తేలిక గనక పైనే ఉంటుందనీ, నేల మీద ప్రమాదం లేదనీ ఆ పాఠం. ఇక జన్మలో మరిచిపోతాడా?

ఆక్స్‌ఫర్డులో ఆయన చదివింది గణితమూ, గ్రీకు లాటిన్ సాహిత్యమూ, తత్వశాస్త్రమూ. 1914లో ఫస్టుక్లాసులో బయటికొచ్చాడు. సైన్సులో ఒక్క డిగ్రీ కూడా లేకుండానే జీవితాంతం సైన్సు ప్రొఫెసరుగా ఉన్నాడంటే మన విద్యార్థులకు విచిత్రంగా ఉంటుంది. కానీ జన్యుశాస్త్రం మీద పిచ్చి అంతకు ముందే పట్టుకుంది. చెల్లెలు నయోమీ ఇంట్లో గినీపందులు పెంచేది. వాటి సంతానంలో రంగులు ఎలా సంక్రమిస్తున్నాయో అన్నాచెల్లెళ్ళిద్దరూ కలిసి లెక్కలు రాసేవారు. తరువాత ఎలుకలు. రెండు లక్షణాలు విడివిడిగా కాక జంటగా సంక్రమించడాన్ని ఎలుకల్లో చూపిస్తూ, హాల్డేన్, ఆయన మిత్రుడు స్ప్రంట్, చెల్లెలు నయోమీ కలిసి 1915లో ఒక పత్రం ప్రకటించారు. అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. స్ప్రంట్ ఆ యుద్ధంలోనే చనిపోయాడు. ఇవాళ ఆ కుర్రవాణ్ణి తలుచుకునే వాళ్ళున్నారంటే, ఆ ఎలుకల లెక్కలు అచ్చులోకి ఎక్కబట్టే.

హాల్డేన్ కూడా యుద్ధంలోకి వెళ్ళాడు. ఫ్రాన్సులో గాయపడ్డాడు, మెసపొటేమియాలో మళ్ళీ గాయపడ్డాడు. రెండోసారి కోలుకోడానికి ఆయన్ను మన దేశానికి పంపారు. దేశం నచ్చింది గాని, ఇక్కడ తెల్లవాడు దొరగా తప్ప మనిషిగా బతకలేడని గ్రహించాడు. ఇక్కడివాళ్ళతో సమానంగా మసలగలిగిన రోజున మళ్ళీ రావాలనుకున్నాడు. అనుకున్న మాట నలభై ఏళ్ళకు నిలబెట్టుకున్నాడు.

1923లో కేంబ్రిడ్జిలో జీవరసాయన శాస్త్రం రీడరుగా చేరాడు. ఆ మరుసటేడు నుంచి, అంటే 1924 నుంచి 1934 దాకా, ప్రకృతి వరణం మీద వరసగా గణిత పత్రాలు రాశాడు. వాటి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. డార్విన్ సిద్ధాంతం అప్పటికి మాటల్లో ఉంది గాని అంకెల్లో లేదు. ఒక లక్షణానికి ఇంత లాభం ఉంటే అది సంతతిలో వ్యాపించడానికి ఎన్ని తరాలు పడుతుంది? ఈ ప్రశ్నకు జవాబు కావాలి. హాల్డేన్ మాంచెస్టరు ప్రాంతపు చిమ్మటను తీసుకున్నాడు. లేతరంగు రెక్కల ఆ పురుగుల్లో 1848లో నల్లది ఒకటి దొరికింది. ఫ్యాక్టరీల పొగకు చెట్లు మసిబారాయి. అర్ధశతాబ్దం తిరిగేసరికి ఆ ప్రాంతంలో దాదాపు అన్నీ నల్లవే. అంత తొందరగా మారాలంటే లేతరంగు వాటికన్నా నల్లవి సుమారు ఒకటిన్నర రెట్లు సంతానాన్ని మిగల్చగలగాలని హాల్డేన్ లెక్క తేల్చాడు. అంత తేడా ప్రకృతిలో ఉంటుందా అని చాలామంది సందేహించారు. 1950ల్లో అడవుల్లో చేసిన ప్రయోగాల్లో పిట్టలు లేతవాటిని ఎంత ఎక్కువగా ఏరుకు తింటున్నాయో కనబడింది. ఫిషర్, సీవాల్ రైట్, హాల్డేన్ ఈ ముగ్గురూ కలిసి వేసిన పునాది మీదే నేటి పరిణామ శాస్త్రం నిలిచి ఉందంటే అతిశయోక్తి కాదు. 1932లో ఆయన పుస్తకం పరిణామ కారణాల మీద వచ్చింది, ఆ ఏడే రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు.

మధ్యలో ఉద్యోగం ఊడింది కూడా. షార్లెట్ అనే పత్రికా రచయిత్రి విడాకుల కేసులో ఆయన పేరు రావడంతో, 1925లో విశ్వవిద్యాలయం నీతి పేరుతో ఆయన్ను తొలగించింది. ఆయన అప్పీలు చేసి మరుసటేడు గెలిచాడు, ఆమెనే పెళ్ళి చేసుకున్నాడు. తల వంచడం ఆయన జాతకంలో లేదు.

ఇక ఆయన ఒంటి సంగతి. తన దేహాన్ని ఆయన ఒక ప్రయోగశాల పరికరంలాగే వాడుకున్నాడు. రక్తంలో ఆమ్లం పెరిగితే ఏమవుతుందో తెలియడానికి అమ్మోనియం క్లోరైడు తాగాడు. రోజుల తరబడి ఆయాసం. కుందేలుకు తాగించవచ్చు కదా అంటే, కుందేలు తనకెలా ఉందో నోరు తెరిచి చెప్పలేదు గదా అని ఆయన వాదన. 1939 జూన్ 1న థెటిస్ అనే కొత్త జలాంతర్గామి లివర్‌పూల్ దగ్గర మునిగి 99 మంది చనిపోయారు. నలుగురే బయటపడ్డారు. చనిపోయినవాళ్ళలో కార్మికులు ఉండటంతో కార్మిక సంఘాలు హాల్డేన్‌ను ఆశ్రయించాయి. మూసిన ఉక్కు గదిలో మరికొందరితో కలిసి కూర్చుని, గాలి చెడేకొద్దీ మనిషికి ఏమవుతుందో చూశాడు. యుద్ధకాలమంతా నౌకాదళం కోసం ఒత్తిడి గదుల్లో ఇటువంటి ప్రయోగాలే. ఒకసారి ఆక్సిజను ఎక్కువై మూర్ఛ వచ్చి వెన్నుపూసలు నలిగాయి. ఆ నొప్పి చివరిదాకా పోలేదు. ఆ ప్రయోగాల్లో పాల్గొన్న హెలెన్ స్పర్వే అనే శాస్త్రజ్ఞురాలే తరువాత 1945లో ఆయన భార్య అయింది.

1933లో లండన్ యూనివర్సిటీ కాలేజీకి మారాడు. అక్కడ జెనెటిక్స్ ప్రొఫెసరు, 1937 నుంచి బయోమెట్రీ ప్రొఫెసరు. మనుషుల్లో ఒక జన్యువు ఎంత అరుదుగా మార్పు చెందుతుందో హీమోఫీలియా కుటుంబాల ఆధారంగా 1935లో లెక్క కట్టాడు. 1937లో జూలియా బెల్‌తో కలిసి హీమోఫీలియా, వర్ణాంధత్వం జన్యువులు ఒకే క్రోమోజోము మీద దగ్గరదగ్గరగా ఉన్నాయని చూపించాడు. మనిషి జన్యుపటంలో తొలి గీతల్లో అదొకటి. 1949లో అచ్చయిన ఒక పత్రంలో ఇంకో ఊహ చేశాడు. మధ్యధరా తీరాన థలసీమియా అంత ఎక్కువగా ఎందుకుంది? ప్రాణం తీసే జబ్బు తరాలు గడిచేకొద్దీ తగ్గిపోవాలి కదా? ఆ జన్యువు ఒక్కటే ఉన్నవాళ్ళకు మలేరియా అంతగా సోకదేమో, అందుకే అది నిలిచిందేమో అన్నాడు. 1954లో ఆఫ్రికాలో ఆలిసన్ అనే వైద్యుడు సికిల్ సెల్ విషయంలో అచ్చంగా ఇదే చూపించాడు. మన ఏజెన్సీ గ్రామాల గిరిజనుల్లో సికిల్ సెల్ జబ్బు కనబడుతోందని వైద్యులు చెప్పినప్పుడల్లా నాకీ లెక్క గుర్తొస్తుంది.

ఇంతవరకూ చెప్పినవన్నీ దండ వేసి పెట్టుకోదగ్గవి. కానీ దండ వెయ్యలేనిది కూడా ఒకటుంది. హాల్డేన్ కమ్యూనిస్టు. స్పెయిన్ అంతర్యుద్ధంలో బాంబుల మధ్యకు మూడుసార్లు వెళ్ళివచ్చాడు. కార్మికుల పత్రికలో వందల కొద్దీ సైన్సు వ్యాసాలు రాశాడు. చదువుకోని కూలివాడికి కూడా అర్థమయ్యేలా సైన్సు చెప్పడం ఆయన దగ్గర నేర్చుకోవాలి. అయితే సోవియట్ దేశంలో లైసెంకో అనే ఆయన జన్యుశాస్త్రమే అబద్ధమని ప్రచారం చేసి, ప్రభుత్వ బలంతో శాస్త్రజ్ఞులను అణగదొక్కాడు. 1928లో హాల్డేన్‌ను రష్యాకు ఆహ్వానించిన వావిలోవ్ 1940లో అరెస్టయి 1943లో జైల్లో చనిపోయాడు. అలాంటి రోజుల్లో, 1948లో రేడియో చర్చలో తోటి శాస్త్రజ్ఞులు లైసెంకోను ఖండించగా, హాల్డేన్ అటూ ఇటూ కాకుండా మెత్తగా మాట్లాడాడు. ఏ శాస్త్రానికి తాను ప్రాణం పెట్టాడో దాన్నే నరుకుతుంటే గట్టిగా అరవలేకపోయాడు. పార్టీకి దూరమయ్యాడు గాని చప్పుడు లేకుండా దూరమయ్యాడు. ఇది ఆయన జీవితంలో మచ్చ. ఈ మచ్చను దాచకుండా ఉంచినవి కూడా కాగితాలే. ఫోటోకు దండ వేస్తాం గాని ఫైలుకు వెయ్యలేం. ఫైలు నిజం చెప్తుంది.

1957లో లండన్ ఉద్యోగం వదిలి కలకత్తా వచ్చేశాడు. సూయెజ్ మీద బ్రిటన్ చేసిన దాడికి నిరసనగా దేశం వదులుతున్నానన్నాడు. మహలనోబిస్ పిలుపు మీద ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. లాల్చీ పైజమా తొడిగాడు, మాంసం మానేశాడు, తరువాత భారత పౌరుడయ్యాడు. తాను సంపాదకుడుగా ఉన్న జర్నల్ ఆఫ్ జెనెటిక్స్‌ను కూడా వెంట తెచ్చాడు. 1910లో ఇంగ్లండులో పుట్టిన ఆ పత్రిక 1985 నుంచి మన అకాడెమీ ఆఫ్ సైన్సెస్ తరఫున బెంగుళూరు నుంచి వెలువడుతోంది.

ఇక్కడి కుర్రవాళ్ళకు ఆయన నేర్పిన పద్ధతి మన కాలేజీలు తప్పక తెలుసుకోవలసింది. ఖరీదైన యంత్రాలు లేవని ఏడవకండి, కళ్ళూ, కాగితమూ, పెన్సిలూ ఉన్నాయి కదా అనేవాడు. ఒక శిష్యుడు ఎస్.కె.రాయ్ పారిజాతం పూలకు రేకులు లెక్కపెట్టాడు. అన్నిటికీ ఒకే లెక్క ఉండదు, ఆ తేడాలోనే విషయం ఉంది. టి.ఎ.డేవిస్ కొబ్బరిచెట్ల మట్టలు కుడివైపు మెలిక తిరుగుతాయా, ఎడమవైపు తిరుగుతాయా అని చెట్టుచెట్టుకూ చూశాడు. కోనసీమలో పుట్టినవాడు రోజూ చూసే చెట్టే, కాని ఎన్నడైనా లెక్కపెట్టామా? పిఠాపురంలో పుట్టిన మన ద్రోణంరాజు కృష్ణారావు లాంటానా పూల మీద ఏ రంగుకు ఏ సీతాకోకచిలుక వాలుతోందో లెక్కించాడు. ఆయనే పి.మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రలో మేనరికాల మీద సర్వే చేసి 1960లోనూ 1963లోనూ పత్రాలు ప్రకటించాడు. మేనమామ కూతుర్నో, అక్క కూతుర్నో చేసుకోవడం మనకు మామూలు. దాని వెనక ఎంత జన్యుశాస్త్రం ఉందో హాల్డేన్ శిష్యులు చూడబట్టి లోకానికి తెలిసింది. కృష్ణారావు గారు తరువాత అమెరికాలో స్థిరపడి, గురువు మీద అనేక పుస్తకాలు రాసి, 2020లో కన్నుమూశారు.

కలకత్తాలో ఇన్‌స్టిట్యూట్ నిర్వహణతో ఆయనకు పొసగలేదు. 1961లో రాజీనామా చేశాడు. 1962లో ఒరిస్సా ప్రభుత్వం పిలవగా భువనేశ్వర్ వెళ్ళి, జెనెటిక్స్, బయోమెట్రీ ప్రయోగశాల పెట్టాడు. అక్కడ రెండేళ్ళు తిరగకముందే కాన్సరు పట్టుకుంది. 1964 మొదట్లో లండనులో ఆపరేషను జరిగింది. ఆస్పత్రిలో పడుకుని తన కాన్సరు మీదే హాస్యగీతం రాసి పత్రికకు పంపాడు. సిగ్గుపడి ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరకు వెళ్ళండని అందులోని హితవు. అంతటితో ఊరుకున్నాడా? తాను చనిపోయాక వెయ్యమని తన సంస్మరణ ప్రసంగాన్ని తానే బి.బి.సి.కి రికార్డు చేసిచ్చాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో చనిపోయాడు. వీలునామాలో దేహాన్ని వైద్య విద్యార్థులకు ఇవ్వమనీ, పాడవకుండా చల్లగా ఉంచే ఖర్చు తన ఆస్తిలోంచి అన్నిటికన్నా ముందు చెల్లించమనీ రాశాడు. బతికుండగా ప్రయోగాలకు వాడుకున్నదే, ఇక తనకు పనిలేదు గనక మరొకరు వాడుకోవాలన్నది ఆయన ఉద్దేశం. అలా ఆ దేహం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి చేరింది. హెలెన్ స్పర్వే ఇంగ్లండుకు తిరిగిపోలేదు. 1978లో హైదరాబాదులో కన్నుమూసింది.

ఇక కాగితాల సంగతి. ఆయన ఉత్తరాలు, నోట్సు, వ్యాసాల ప్రతులు పెద్ద భాగం లండన్ యూనివర్సిటీ కాలేజీ లైబ్రరీలో చేరాయి. మరికొన్ని స్కాట్లండ్ నేషనల్ లైబ్రరీలో ఉన్నాయి. 2013లో వెల్‌కమ్ లైబ్రరీవాళ్ళు జన్యుశాస్త్ర నిర్మాతల కాగితాలన్నీ ఫోటోలు తీసి అందరికీ చూసుకునే వీలు కల్పించారు. పది లక్షల పేజీలకు పైన. క్రిక్, రోజలిండ్ ఫ్రాంక్లిన్ కాగితాల పక్కన హాల్డేన్‌వి కూడా ఉన్నాయి. ఇప్పుడు మన ఊరి విద్యార్థి కూడా ఇంట్లో కూర్చుని ఆయన చేతిరాత చూడవచ్చు.

ఇది దానంతటదే జరగలేదు. ఆ దేశంలోనూ ప్రొఫెసర్లు పోతే కాగితాలు చెత్తలోకి పోయేవే. దాన్ని ఆపడానికి మార్గరెట్ గోవింగ్ అనే చరిత్రకారిణి చొరవతో 1973లో ఆక్స్‌ఫర్డులో ఒక చిన్న కేంద్రం పెట్టారు. శాస్త్రజ్ఞుడు చనిపోతే ఇంటికీ, ల్యాబుకూ వెళ్ళి కాగితాలు తెచ్చుకోవడం, జీవిత వివరాలు, పరిశోధన నోట్సు, పాఠాలు, ఉత్తరాలు అని విడదీసి ప్రతి ఫైలుకూ నంబరిచ్చి జాబితా అచ్చువెయ్యడం, ఆనక తగిన లైబ్రరీకి అప్పగించడం, ఇదీ వాళ్ళ పని. తమ దగ్గర ఏమీ అట్టేపెట్టుకోరు. 1987లో అది బాత్ విశ్వవిద్యాలయానికి మారి 2009 దాకా నడిచింది. మన దేశంలో కూడా 2019లో బెంగుళూరు ఎన్.సి.బి.ఎస్.లో జీవశాస్త్రజ్ఞుల కాగితాలకు ఆర్కైవ్ తెరిచారు.

అచ్చయిన పత్రాలున్నాయి కదా, చిత్తుకాగితాలెందుకని అడగవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. అచ్చులో వచ్చేది గెలిచిన లెక్క ఒక్కటే. ఓడిన లెక్క, కొట్టేసిన వాక్యం, మిత్రుడికి రాసుకున్న సందేహం, చెప్పాల్సిన చోట చెప్పలేకపోయిన మాట, ఇవి చిత్తులోనే ఉంటాయి. కొత్తగా పరిశోధనలోకి దిగే కుర్రవాడికి ధైర్యమిచ్చేవి అవే. అన్నిటికన్నా ముఖ్యం, కొలతలు. హాల్డేన్ చిమ్మట లెక్క కట్టగలిగాడంటే, ఆయన పుట్టకముందు ఎవరో ఏ ఏడు ఏ రంగు పురుగు పట్టుకున్నారో రాసి ఉంచబట్టే. ఆ రాసినవాళ్ళకు అది దేనికి పనికొస్తుందో తెలియదు. మా ప్రొఫెసరు గారికీ తెలియదు. ఆ మాటకొస్తే బీరువా మోసిన మాకూ తెలియదు. తెలియనప్పుడు ఉంచాలి, అమ్మకూడదు.

మొన్న అటక మీంచి ఆ మిగిలిన పుస్తకం దించాను. ఒక పక్క నా కొట్టివేతలు, పరీక్షకు ముందు వేసుకున్న పిచ్చి లెక్కలు. కాగితం తిప్పితే ఆయన గుండ్రటి అక్షరాలు, చెరువు పేరు, తేదీ, ఆ రోజు వాన పడిందో లేదో. ఒక్క ఏడాది మాత్రమే ఉంది. పందొమ్మిదేళ్ళు పోయాయి.

యూనియన్ మిత్రులకు ఒక్క మనవి. సావనీరు, వార్షికోత్సవం అయ్యాక కొంత డబ్బు మిగులుతుంది. ఏటా దాంతో ఒక షీల్డు కొంటున్నాం. ఈసారి లైబ్రరీలో ఒక మంచి బీరువా కొనండి. రిటైరైన మేష్టార్ల ఇళ్ళకు ఇద్దరిద్దరుగా వెళ్ళి, పాత నోటుపుస్తకాలుంటే ఇమ్మని అడగండి. ఏమున్నదీ ఒక రిజిస్టరులో రాయండి, చెదపురుగులకు మందు వెయ్యండి. అంతకన్నా పెద్ద చదువేమీ అక్కర్లేదు. అందులో మొదటి నంబరు వెయ్యడానికి నా దగ్గరున్న పుస్తకం తెచ్చిస్తాను. నా కొట్టివేతలతో సహా అలాగే ఉంచండి, చింపొద్దు.